పిల్లి గంట

"పడుకో."

"పడుకున్నా."

"కళ్ళు మూసుకో."

"మూసుకున్నా."

"మరింకేం? నిద్రపో."

తమ్ముడు ఒక కన్ను తెరిచాడు. "ఎక్కడికి పోవాలక్కా?"

అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలయింది. కర్టెన్ వేసింది. చాప పరిచింది. తన దిండు కూడా త్యాగం చేసింది. ఇంత చేస్తే వీడికి వేళాకోళంగా ఉందా?

"వెక్కిరిస్తున్నావా నన్ను?"

"లేదే! పడుకోమన్నావు, పడుకున్నా. పొమ్మన్నావు, ఎక్కడికని అడిగా."

నాలుగేళ్ళ ఈ తమ్ముణ్ణి ఇంట్లో అందరూ బొంగరం అంటారు. ఒక్కచోట నిలవడు. పదేళ్ళ అక్కను పంతులమ్మ అంటారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

పోయిన నెల దాకా ఈ బాధ లేదు. అన్నం తింటూనే బొంగరం కళ్ళు వాలిపోయేవి. ఆఖరి ముద్ద నోట్లో ఉండగానే ఒరిగిపోయేవాడు. రెండు గంటలు ఒళ్ళు తెలియని నిద్ర. వాడు నిద్రపోయే ఆ రెండు గంటలే అమ్మ పని చేసుకునే రెండు గంటలు.

అమ్మ పని చదవడం. చూడలేని పిల్లల కోసం ఒక లైబ్రరీ ఉంది. ఆ పిల్లల పాఠాలను అమ్మ పైకి చదివి రికార్డ్ చేసి పంపిస్తుంది. ఇంట్లో సామాన్ల గది గోడల నిండా పాత బొంతలు, దుప్పట్లు వేలాడదీసింది. మధ్యలో ఒక స్టూలు వేసి, ఒక మైకు పెట్టుకుంది. అందరూ దాన్ని బొంతల గది అంటారు. చదువుతుండగా తప్పు దొర్లినా, బయట చప్పుడైనా అమ్మ ఒక చిటిక వేస్తుంది. ఆ పేరా మళ్ళీ మొదటి నుంచి చదువుతుంది. పాడైన చోట్లన్నీ తర్వాత చిటికల గుర్తు పట్టుకుని కత్తిరించేస్తుంది.

మంచిరోజైతే రెండు మూడు చిటికలు. ఈ నెలంతా లోపల తాళం వేస్తున్నట్టు చిటికలే చిటికలు.

బుధవారం పొద్దున లైబ్రరీ ఆంటీ ఫోన్ చేసింది. సోమవారం పిల్లలకు సైన్సు పరీక్ష. మబ్బుల పాఠం శనివారం సాయంత్రానికల్లా రావాలి. రాకపోతే వాళ్ళు ఆ పాఠం వినకుండానే పరీక్షకు వెళ్ళాలి.

అమ్మ ఫోన్ పెట్టేసి నుదురు నొక్కుకుంది. "రాత్రి చదువుదామంటే అప్పటికి గొంతు బొంగురుపోతోంది. వీణ్ణి బలవంతాన నిద్రపుచ్చితే రాత్రి పదకొండు దాకా గంతులేస్తాడు. పగటి నిద్ర మానేసే వయసొచ్చింది వాడికి. ఏం చెయ్యను?"

పంతులమ్మకు బడి సెలవులు. "నాకు వదిలెయ్యమ్మా," అంది. "వాణ్ణి పడుకోబెట్టే పూచీ నాది."

ఒకసారి పూచీ అన్నాక ఆ పిల్ల వెనక్కి తగ్గదు. పట్టిన పట్టు ఉడుంపట్టు.

బుధవారం మధ్యాహ్నం వాడు ఎంతకీ నిద్రపోకపోయేసరికి మొదట కథ చెప్పింది. "అనగనగా ఒక రాజు" అనగానే బొంగరం ఏడు ప్రశ్నలు వేశాడు. రాజు ఏం తిన్నాడు? రాజుకు అక్క ఉందా? అక్క కూడా పడుకోమంటుందా? కథ రాజు గారి గుమ్మం దాటలేదు. అప్పుడిక జోకొట్టడం మొదలుపెట్టింది. వంద దాకా లెక్కపెడుతూ వాడి వీపు మీద మెల్లగా తట్టింది. నలభై... నలభై ఒకటి... నలభై...

కళ్ళు తెరిచేసరికి ఆమె పొట్ట మీద ఒక ఏనుగు, ఒక జిరాఫీ, రెండు మొసళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. ముక్కు మీద స్టిక్కరు అంటించి ఉంది.

"అక్కా," అన్నాడు బొంగరం గుసగుసగా, "నా నిద్ర నీకిచ్చేశా."

పంతులమ్మ కెవ్వుమని లేచి కూర్చుంది. ఏనుగూ జిరాఫీ మొసళ్ళూ టపటపా నేల మీద పడ్డాయి.

బొంతల గదిలోంచి చిటిక వినపడింది.

*

గురువారం పంతులమ్మ పద్ధతి మార్చింది.

"ఇదిగో, నిద్ర రాకపోతే మానె. కానీ గంటసేపు కదలకూడదు. గంట అయ్యేదాకా లేవకూడదు. సరేనా?"

"గంట ఎవరు కొడతారు?"

"ఎవరూ కొట్టరు. అదే అవుతుంది. నోరు మూసుకుని పడుకో."

బొంగరం పడుకున్నాడు. ఇంటికప్పు వైపు చూస్తూ చెవులు రిక్కించాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు.

"అయిందా?"

"లేదు."

"నాకు వినపడలేదు. నీకు వినపడిందా?"

"ష్‌ష్‌ష్! ఇంకొక్క మాట మాట్లాడావంటే చూడు!"

వాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. వాడు కదల్లేదు. పంతులమ్మకు గర్వంగా అనిపించింది. 'చూశారా, పట్టుదల ఉంటే ఏదైనా అవుతుంది' అనుకుంటూ మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది.

గ్లాసు పెదవుల దాకా వెళ్ళిందో లేదో...

ట్రింగ్! ట్రింగ్! ట్రింగ్!

పరుగెత్తుకుంటూ వచ్చింది. బొంతల గది తలుపు పక్కనే బొంగరం మూడు చక్రాల సైకిలు ఉంటుంది. వాడు దాని మీద కూర్చుని, బెల్లు మీద బొటనవేలు పెట్టి, ముఖమంతా నవ్వుతో చూస్తున్నాడు.

"గంట అయిపోయిందక్కా! నేనే కొట్టేశా! ఇంక లేవొచ్చు!"

"అబద్ధాలకోరు!" అని అరిచింది పంతులమ్మ. "ఇంకా పావుగంటైనా కాలేదు! దొంగాటలు ఆడతావా నాతో?"

సైకిలు నుంచి బెల్లు మర తిప్పి ఊడదీసింది. వాడికి అందకుండా బీరువా మీద పెట్టేసింది. బొంగరం ఏడుపు లంకించుకుని, సోఫా వెనకాల దూరాడు.

బొంతల గది తలుపు తెరుచుకుంది. మెడలో హెడ్‌ఫోన్స్‌తో అమ్మ గుమ్మంలోనే కూలబడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పన్నెండు పేజీల పాఠం," అంది. "రెండు రోజుల్లో ఒక్కటంటే ఒక్క పేజీ అయింది. పోనీలే అమ్మలూ. నీ ప్రయత్నం నువ్వు చేశావు. ఆంటీకి ఫోన్ చేసి నా వల్ల కాదని చెప్పేస్తాను."

"వద్దమ్మా! తప్పంతా వాడిదే. నేను ఎంత చెప్పినా..."

"ఇలా రా. ఇది విను," అంటూ అమ్మ హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకు పెట్టింది. బుధవారం రికార్డింగు వేసింది.

అమ్మ గొంతు హాయిగా సాగుతోంది. 'ఎండకు నీరు ఆవిరై పైకి వెళుతుంది. పైకి వెళ్ళిన ఆవిరి...'

కెవ్వు! టపటపా. చిటిక.

అమ్మ గురువారంది వేసింది. 'ఎండకు నీరు ఆవిరై...'

'నోరు మూసుకుని పడుకో.' చిటిక.

'పైకి వెళ్ళిన ఆవిరి చల్లబడి...'

కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్ద 'ష్‌ష్‌ష్!' చిటిక.

పంతులమ్మ చెవులు వేడెక్కాయి. తమ్ముడి గొంతు కోసం వెతుకుతూ వింది. వాడి గొంతు ఎక్కడా లేదు. అంతా తనదే.

ఆఖర్లో మాత్రం తలుపు సందులోంచి సన్నగా, దారం పోగంత మాట వినపడింది. 'ఎవరూ గంట కొట్టట్లేదు... పాపం మర్చిపోయారేమో... గంట అయ్యేదాకా లేవొద్దంది అక్క... నేనే కొడతా.'

ట్రింగ్.

ఆ వెంటనే చెవులు చిల్లులు పడేలా ఒక అరుపు. 'అబద్ధాలకోరు!'

ఆ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి పంతులమ్మకు ఒక క్షణం పట్టింది.

హెడ్‌ఫోన్స్ తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది. తర్వాత, "ఆంటీకి ఇప్పుడే ఫోన్ చెయ్యకమ్మా," అంది. "రేపొక్కరోజు చూద్దాం."

"వాణ్ణి నిద్రపుచ్చుతావా?"

"లేదు," అంది పంతులమ్మ. "అడుగుతాను."

*

సోఫాకూ గోడకూ మధ్య సందులో రెండు పాదాలు కనపడుతున్నాయి. పంతులమ్మ నేల మీద బోర్లా పడుకుని లోపలికి చూసింది.

"బొంగరం."

"నేను బొంగరం కాదు. అబద్ధాలకోరుని."

పంతులమ్మ ఇంకాస్త లోపలికి జరిగింది. "కాదురా. నువ్వు అబద్ధం ఆడలేదు. నేనే సరిగ్గా వినలేదు. తప్పు నాది."

లోపలి నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"గంట అంటే ఏమిటనుకున్నావు?"

"గంటంటే గంటే. మా బళ్ళో టీచర్ కొడుతుంది. గంట కొడితే ఆట. గంట కొడితే ఇంటికి. నువ్వు గంట అయ్యేదాకా అన్నావు. నేను ఎంతసేపు చూశానో తెలుసా? ఎవరూ కొట్టలేదు."

పంతులమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "రెండు గంటలున్నాయిరా. ఒకటి మోగే గంట. ఇంకోటి గడియారంలో జరిగే గంట. అది కనపడదు, వినపడదు."

బొంగరం తల బయటపెట్టాడు. "కనపడదు, వినపడదు. మరి అయిందని నాకెలా తెలుస్తుంది?"

క్లాసులో ఎవరు ఏ ప్రశ్న వేసినా ముందు చెయ్యెత్తే పంతులమ్మ లేచి కూర్చుంది. గోడ గడియారం వైపు చూసింది. వాడికి దాన్ని చూసి టైము చెప్పడం రాదు. కిటికీ వైపు చూసింది. అక్కడి నుంచి చూపు నేల మీదికి దిగింది.

కర్టెన్ పక్కన టైలు మీద ఎండ ముక్క ఒకటి పడి ఉంది. నలుచదరంగా, పసుపుపచ్చగా.

"చాక్‌పీసు తేరా!"

ఎండ అంచున గీత గీసింది. ఇద్దరూ గడ్డాల కింద చేతులు పెట్టుకుని బోర్లా పడుకున్నారు. మొదట ఏమీ కాలేదు. తర్వాత ఎండ గీతను తాకింది. తర్వాత మెల్లగా దాటింది.

"అది నడుస్తోంది!" అన్నాడు బొంగరం.

గడియారంలో సరిగ్గా ఒక గంట గడిచేసరికి ఎండ ఒక టైలు, ఆపైన నాలుగు వేళ్ళ దూరం నడిచింది. పంతులమ్మ రెండుసార్లు వేళ్ళతో కొలిచి చూసుకుంది.

"రేపు ఇక్కడ గీత గీస్తాను. ఎండ ఇక్కడికి రాగానే గంట అయినట్టు. అప్పుడు నువ్వే కొడుదువు గాని." స్టూలెక్కి బీరువా మీది బెల్లు తీసి వాడి చేతిలో పెట్టింది. "అప్పటిదాకా నిద్రపోనక్కర్లేదు. పడుకోనూ అక్కర్లేదు. చప్పుడు లేకుండా నీ ఇష్టమొచ్చినట్టు ఆడుకో."

"నువ్వు?"

"నేనూ అంతే. నోరెత్తను."

"ష్ కూడా అనవా?"

"అనను."

ఆ సాయంత్రం అమ్మను అడిగి మైకు బయటికి తెచ్చుకున్నారు. బొంగరం చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని జడ్జిలా కూర్చున్నాడు. పంతులమ్మ ఒక్కో బొమ్మా మైకు ముందు ఆడించింది. చెక్క దిమ్మలు టక్కుమన్నాయి. "ఫెయిల్!" చాక్లెట్ కాగితాలు కరకరమన్నాయి. "ఫెయిల్!" ప్లాస్టిక్ మొసళ్ళు కూడా ఫెయిలే. ఊలు ఉండ పాసయింది. గుడ్డ కుందేలు పాసయింది. స్టిక్కర్ల పుస్తకం, రంగుల గుడ్డముక్కలు, దూది పాసయ్యాయి. పాసైనవన్నీ ఒక అట్టపెట్టెలో చేరాయి.

బస్సు డ్యూటీ దిగి వచ్చిన నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. "నా చెప్పులకు కూడా పరీక్ష పెడతారా?"

రెండడుగులు వేయించి బొంగరం తేల్చేశాడు. "పూర్తిగా ఫెయిల్."

"మరి ఈ ఇంట్లో ఎలా నడవాలి సార్?"

"పిల్లిలా," అన్నాడు వాడు. మునివేళ్ళ మీద నడిచి చూపించాడు. "రేపటి గంట పిల్లి గంట."

అమ్మ పకపకా నవ్వింది. "పిల్లి మెడలో గంట కట్టేదెవరా అని నెల్లాళ్ళుగా నేను తల పట్టుకుంటుంటే, వీడు కట్టనే కట్టేశాడే!"

*

శుక్రవారం రెండింటికి పంతులమ్మ గీత గీసింది. అమ్మ బొంతల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అనుకున్నంత తేలిగ్గా ఏమీ జరగలేదు. బొంగరం అయిదు నిమిషాలకోసారి ఎండ దగ్గరికి వెళ్ళి చూశాడు. దాన్ని చేత్తో ముందుకు తోయడానికి కూడా ప్రయత్నించాడు. ఊలు ఉండ విప్పి కుర్చీ కాళ్ళకు చుట్టాడు. ఒకసారి మర్చిపోయి పాట అందుకున్నాడు. పంతులమ్మ నాలుక చివరిదాకా ష్ వచ్చేసింది. పళ్ళు బిగబట్టి దాన్ని మింగేసింది. వాడి భుజం మీద చెయ్యి వేసి ఎండ వైపు చూపించింది. వాడు నాలుక కరుచుకుని, మునివేళ్ళ మీద కుందేలు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఎండ గీతను తాకగానే ట్రింగ్ మంది.

అమ్మ బయటికి వచ్చి ఆరు వేళ్ళు చూపించింది. ఆరు పేజీలు! "చిటికలు మూడే," అంది.

"ఇంకా అయిదు పేజీలున్నాయి," అంది పంతులమ్మ. "రేపు అవ్వాలి. అవుతాయి."

శనివారం రెండింటికి మళ్ళీ గీత గీసింది. బొంగరం తన పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. స్టిక్కర్లను కుందేలు చెవుల మీద ఒక్కొక్కటే అంటిస్తున్నాడు. పంతులమ్మ పక్కన కూర్చుని దూదితో కుందేలుకు తోక చేస్తోంది. తలుపు వెనకాల అమ్మ గొంతు తేనెటీగ మోతలా సన్నగా సాగుతోంది.

రెండున్నరకు గదిలో వెలుతురు తగ్గింది.

బొంగరం నేల వైపు చూశాడు. ఎండ ముక్క లేదు. చాక్‌పీసు గీత ఒక్కటే మిగిలింది. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. పంతులమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో, "మన గంట పోయిందక్కా," అన్నాడు.

కిటికీ బయట పెద్ద మబ్బు. లోపల అమ్మ చదువుతున్నదీ మబ్బు గురించే.

"పోలేదు. మబ్బు వెనకాల నడుస్తూనే ఉంది," అంది పంతులమ్మ వాడి చెవిలో. "గడియారం చూసి నేను చెప్తాను."

"నిజంగా చెప్తావా?"

"నిజంగా."

వాడు ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. నమ్మాడు. వెళ్ళి స్టిక్కర్లు అంటించుకున్నాడు.

సరిగ్గా మూడయింది. తలుపు వెనకాల గొంతు ఆగలేదు. ఇంకా చదువుతూనే ఉంది.

బొంగరం తలెత్తాడు. "అయిందా?"

పంతులమ్మ గడియారం వైపు చూసింది. తలుపు వైపు చూసింది. నేల మీద ఎండ లేదు. వాడికి టైము చూడ్డం రాదు. "ఇంకా కాలేదు" అంటే చాలు. ఇంకో పది నిమిషాలు దొరుకుతాయి. పాఠం అయిపోతుంది. వాడికి ఎప్పటికీ తెలియదు. ఆ రెండు మాటలూ నోట్లోకి వచ్చి కూర్చున్నాయి.

"అయింది," అంది పంతులమ్మ.

బెల్లు తీసి వాడి అరచేతిలో పెట్టింది. "అమ్మకు ఇంకా ఒక పేజీ ఉన్నట్టుంది. కానీ నీ గంట అయిపోయింది. మాట మాటే. కొట్టుకో."

బొంగరం బొటనవేలు బెల్లు మీదికి వెళ్ళింది. పంతులమ్మ ఊపిరి బిగపట్టింది.

వాడు తలుపు వైపు చూశాడు. "అమ్మ మబ్బులోంచి వాన ఇంకా పడలేదా?" అని గుసగుసగా అడిగాడు.

"ఇంకా పడలేదు."

వాడు లేచాడు. బెల్లును రెండు అరచేతుల మధ్య దాచిపెట్టి, పిల్లిలా అడుగులో అడుగు వేస్తూ వెళ్ళి, తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాడు. పంతులమ్మ కూడా వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరూ వింటున్నారు.

'చినుకూ చినుకూ కలిసి బరువెక్కుతాయి,' అంటోంది అమ్మ. 'ఆ బరువును మబ్బు మోయలేదు. చినుకులు నేలకు రాలతాయి. అదే వాన. పాఠం సమాప్తం.'

బొంగరం అక్క వైపు చూశాడు. పంతులమ్మ వేలు అలవాటు కొద్దీ పెదవుల వైపు లేచింది. సగం దారిలో ఆగింది. ఆమె తల ఊపింది.

ట్రింగ్!

అమ్మ ఇంకా రికార్డింగు ఆపలేదని పంతులమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. చిటిక కోసం చెవులు రిక్కించింది.

చిటిక వినపడలేదు. అమ్మ నవ్వు వినపడింది.